బొటనవేలంత బుద్ధుడు

ముందుగా ఒక మనవి. నా రాతలో తప్పులుంటాయి, మన్నించాలి. అరవై నాలుగో ఏట కలం పట్టినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో తేల్చుకునేలోపు పక్కనున్న టీ మీద వెన్న గడ్డకడుతుంది. ఈ నాలుగు కాగితాలు రాయడానికి మొదటి మంచు పడ్డ దగ్గర్నుంచి కరిగేదాకా పట్టింది. తొందరున్నవాళ్లు చదవకపోయినా నాకు కోపం లేదు. ఇంకొక సంగతి. ‘నేను’ అని మొదలుపెడితే ప్రతి వాక్యంలోనూ నేనే పీట వేసుకుని కూర్చుంటున్నాను. అందుకని ‘ఆమె’ అని రాశాను. ఆమె పేరు కుంజెస్.

వంతెన దగ్గర జీపు హారన్ మోగింది. అంటే ఇంకొక గంట. వంతెన నుంచి స్కర్లుంగ్ ఊళ్లోకి పదకొండు మలుపులు, ఊళ్లో మరిది కొడుకు స్తోబ్దన్ వంటింట్లో, భూముల లెక్కలు రాసే పట్వారీకి వెన్న టీ, ఎండబెట్టిన ఆప్రికాట్లు, ఆ తర్వాత కొండ మీది మఠానికి, ఈ గొంబాకి, నూట నలభై మెట్లు, ఆయాసం తీర్చుకోవడానికి మధ్యలో రెండుసార్లు ఆగడం, గంట కంటే ఎక్కువ పట్టదు, తక్కువా పట్టదు అనుకుంది కుంజెస్, అనుకుని నాలుక కరుచుకోబోయింది, నోములో కూర్చుని జీపు మలుపులు లెక్కపెడుతున్నానేమిటని, కానీ నాలుక ఎండిన తోలుముక్కలా అంగిట్లో అతుక్కుపోయి ఉంది, నిన్న మధ్యాహ్నం తిన్న ఒక్క పూట భోజనం, నిన్న పడుకోబోయే ముందు తాగిన గ్లాసు నీళ్లు, అంతే, ఈ రోజు గుక్కెడు నీళ్లు లేవు, ఒక్క మాట లేదు, రేపు తెల్లవారి చోమో జిల్జోమ్ చేతి మీదుగా గంజి అందుకునేదాకా అందరిదీ మూగనోమే. అందరూ అంటే ఈ గొంబాలో ఉండే సన్యాసినులు, ఐదుగురు చోమోలు, వాళ్లది ఎలాగూ గుండు గీయించుకున్న రోజు నుంచీ నోమే, ఊళ్లోంచి వచ్చిన ముసలివాళ్లు ఏడుగురు, ఆ ఏడుగురూ ఎవరయ్యా అంటే పోయిన కోతలప్పుడు స్తోబ్దన్ కాగితం మీద వేలిముద్ర వేసిన ఏడుగురే. ఎంచి ఎంచి ఈ రోజే పట్టుకొస్తున్నాడు పట్వారీని. ఎంత తెలివి. కాగితం చదివి వినిపిస్తారు, ఇందులో అబద్ధం ఉందంటే ఇప్పుడే చెప్పండి అంటారు, నోము పట్టిన నోళ్లు ఒక్కటీ తెరుచుకోవు, సరే ఎవరికీ అభ్యంతరం లేదని రాసుకుని దిగిపోతారు, దాంతో చోమోల పొలానికి రావలసిన మూడో వంతు నీళ్లు స్తోబ్దన్ కట్టుకుంటున్న హోటలు స్నానాలగదుల్లోకి ఎప్పటికీ వెళ్లిపోతాయి, కింద కుంజెస్ వేలిముద్ర సాక్షిగా. నల్లగా, గుండ్రంగా, గీతలన్నీ స్పష్టంగా పడ్డ ముద్ర. ఆ రోజు సిరా బాగా పట్టిందని మెచ్చుకున్నారు కూడా.

కళ్లు సగం మూసుకుంది. బొటనవేలంత బుద్ధుడు. నీ ఎదురుగా, చాచిన చేతికి అందేంత దూరంలో, నీ బొటనవేలంత ఎత్తున కూర్చుని ఉన్నాడనుకో, బంగారంలా మెరుస్తున్నాడనుకో, మెరుపొక్కటే కాదు, బరువుగా ఉన్నాడనుకో, అప్పుడు కదలడు, ఇదీ చోమో జిల్జోమ్ నాలుగేళ్ల కిందట చెప్పింది, బరువుగా అనుకోమనడం కుంజెస్‌కి నచ్చింది, జీవితమంతా బరువులు మోసినదానికి బరువంటే ఏమిటో తెలుసు. ఊళ్లోవాళ్లు నవ్వారు. ‘ఏం అబీలే, జపచక్రం తిప్పుకోక ధ్యానమేమిటి నీకు, అది మఠాల్లో పెద్దపెద్ద పుస్తకాలు చదివిన లామాల పని, నువ్వు కళ్లు మూసుకుంటే గురక తప్ప ఏం వస్తుంది?’ అన్నాడు తుండుప్ మేమే, మా వైపు మేమే అంటే తాత, అబీలే అంటే అవ్వ, ఇప్పుడు తన పక్కనే మోకాళ్లు పట్టుకుని కూర్చున్న ఈ తుండుపే. ‘గురక వస్తే వచ్చింది, నా గురక నాది, నీ గురక ఊరందరిదీ’ అంది కుంజెస్, ఆ మాటకి వారం రోజులు నవ్వుకున్నారు. లామాలకి పుస్తకాలుంటే నాకు బొటనవేలు లేదా? ఉంది. రెండున్నాయి. పిడకలు చేసి, దారం వడికి, యాకు పాలు పితికి గట్టిపడ్డ వేళ్లు. చూసుకుంటే చాలు, ఎంత ఎత్తున అనుకోవాలో తెలిసిపోతుంది, వేరే కొలబద్ద అక్కర్లేదు. అలా మొదటి ఏడాది ఒక జపమాల తిప్పినంతసేపు, రెండో ఏడాది రెండు జపమాలలంతసేపు ఆయన వచ్చి కూర్చునేవాడు, ఒకసారి మసకగా, ఒకసారి చేయి లేకుండా, ఒకసారి అచ్చం చనిపోయిన మోరుప్ ముఖంతో.

మోరుప్. ఆమె మొగుడు. మణిరాళ్లు చెక్కేవాడు, గోడ మీద పేర్చే రాళ్లు, ఓం మణి పద్మే హుం అని ఒకటే మంత్రం నలభై ఏళ్లు చెక్కాడు, ఉలి దెబ్బలు వింటూ పక్కన కూర్చుని ఉన్ని వడికేది తను, ఒక్క అక్షరం తెలియదు, తెలుసుకోవాలని కూడా తోచలేదు, చెక్కేవాడికి తెలిస్తే చాలదా అనుకునేది. ఆయన పోయాక రెండేళ్లకి ఒక రోజు గోడ వెంట నడుస్తూ, ఈ రాయి ఆయనదా కాదా అని తడిమి చూస్తుంటే, ఎనిమిదేళ్ల పిల్ల ఎవరో వేలు పెట్టి చదువుకుంటూ పోయింది, ఎంత తేలిగ్గా, గులకరాళ్లు ఏరుకుంటున్నట్టు. ఆ సాయంత్రమే చోమో జిల్జోమ్ దగ్గరికి వెళ్లి ‘చోమోలే, మా ఆయన రాళ్ల మీద ఏముందో నాకు చెప్పించు’ అంది. చెప్పించడం కాదు నేర్పిస్తాను అంది ఆవిడ. బూడిద చల్లిన పలక మీద ఒక్కొక్క అక్షరం. పదం కూడబలుక్కునేలోపు నాలుగు గుటకలు మింగేది. అక్షరం కింద అక్షరం, దాని కింద ఇంకొకటి, మూడంతస్తుల ఇల్లులా. ఇప్పటికీ అంతే, పేజీకి పూట పడుతుంది. ఆ నెమ్మదే కొంప ముంచింది. కాదు కాదు, నెమ్మది కాదు. నెమ్మదిగా చదువుతానని పడ్డ సిగ్గు.

కోతలైపోయిన వారం, స్తోబ్దన్ వంటింట్లో. స్తోబ్దన్ అంటే మోరుప్ తమ్ముడి కొడుకు, పిల్లల్లేని తనని పై ఇంట్లోనే, అంటే మోరుప్ వాళ్ల పాత ఇంట్లోనే, ఉంచుకున్నవాడు, చెడ్డవాడని అనలేదు, చలికాలం తన గదిలో పొయ్యి ఆరకుండా చూసేవాడు. రాగి కెటిల్ చుట్టూ ఏడుగురు ముసలివాళ్లు, మధ్యలో కాగితం, పై సగం సర్కారు లిపి, కింది సగం మన లిపి. మన లిపి! కుంజెస్ కళ్లు దాని మీదికే పోయాయి, మొదటి పదం కూడబలుక్కుంది, ‘నీ’, ‘నీళ్ల’, అంతలో స్తోబ్దన్ సిరాపెట్టె ముందుకు తోశాడు. ‘ఏముందిలే ఆమాలే, పాత సంగతే, పై ఇంటి నీటి వంతు పై ఇంటిదే అని. అందరూ వేశారు. నువ్వే మిగిలావు.’ అందరూ చూస్తున్నారు. టీ చల్లారుతోంది. ఆగు నోనో, ఆగు నాయనా, చదువుతాను అని నోటిదాకా వచ్చింది. అయితే చదవడమంటే వేలు పెట్టి, పెదవులు కదిపి, తప్పు చదివి, మళ్లీ వెనక్కి వచ్చి, దీపం పెట్టే వేళదాకా. తుండుప్ ముందర. స్తోబ్దన్ పెళ్లాం ముందర. మూతి బిగించి నవ్వాపుకునే ఆ మొహాల ముందర. బొటనవేలు చాచింది. మెత్తగా, చల్లగా తగిలింది సిరా. అంత చిన్న పని. ఈగని తోలినంత.

ఆ చలికాలం మొదలుకుని బుద్ధుడు రావడం మానేశాడు. కూర్చునేది, వెన్ను నిటారుగా పెట్టేది, ఎదురుగా బొటనవేలంత ఎత్తున అనుకునేది, బొటనవేలు వచ్చేది. బుద్ధుడు కాదు, వేలు. నల్లటి వేలు, గీతలు గీతలుగా, చేతికి అందేంత దూరంలో, నిజంగానే బరువుగా, కదలకుండా. మూడు నెలలు. తెల్లవారుజామున, పొద్దెక్కాక, ఉత్తరం వైపు తిరిగి, దక్షిణం వైపు తిరిగి. తినేది తగ్గించింది, వెల్లుల్లి మానేసింది, మోకాళ్ల కింద రెండో బొంత వేసింది. చివరికి చోమో జిల్జోమ్‌తో ‘నా బుర్ర ఎండిపోయింది చోమోలే, ఇంక నావల్ల కాదు’ అంది. ఆవిడ బార్లీ పిండి కలుపుతోంది, తల ఎత్తలేదు. ‘మనసు ఊరికే మసలదు కుంజెస్. ఎక్కడో ముల్లు గుచ్చుకుని ఉంటుంది. ముల్లు మీద కూర్చుని, కుదురు లేదు కుదురు లేదంటే ఎట్లా? లేచి ముందు ముల్లు తీసుకో. ధ్యానం సంగతి తర్వాత.’ అంతే. ఏ ముల్లని అడగలేదు. ఇంత పిండిముద్ద చేతిలో పెట్టి, తిను అంది.

వైశాఖం వచ్చింది, మంచు కరిగింది, బార్లీ మొలక వేలెడు లేచింది, మొదటి తడికి ఇంటింటి వరసలో వంతులు మొదలయ్యాయి. మూడో వంతు చోమోలది. ఊరిపైన స్తూపం కొన మీద ఎండ పడ్డప్పుడు మొదలు, కొండమేక బొమ్మ చెక్కిన రాయిని నీడ తాకేదాకా. ఊళ్లో గడియారాలు వచ్చినా ఆ వంతుకి కొలత ఎండే. మోరుప్ నాయనమ్మ ధారపోసి ఇచ్చిన వంతు అది, పై ఇంటి పెద్దావిడే ఇచ్చింది, ఆ ఇంటి కోడళ్లందరికీ అత్తలు చెప్పుకుంటూ వచ్చిన మాట, కుంజెస్‌కి కూడా ఈ ఇంట్లో కాలు పెట్టిన వారానికే చెప్పారు. ఆ పొద్దున స్తూపం మీద ఎండ పడింది, కుంజెస్ పిడకలు ఏరుకుంటూ కాలవ గట్టున ఉంది, చోమోల వైపు మడవ చూసింది. మడవలో పచ్చికగడ్డలు, రాళ్లు దట్టించి ఉన్నాయి. నీళ్లు గలగలమంటూ అటు చూడకుండానే పై ఇంటి వైపు పోతున్నాయి. ఇంటికి వచ్చి, స్తోబ్దన్ లేని వేళ రేకుపెట్టె తీసి, వాడి నకలు కాగితం పట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని చదివింది. పొద్దున మొదలుపెట్టి ఎండ గోడ ఎక్కేదాకా. ‘మూడో వంతు నీళ్లు తాతల నాటి నుంచి పై ఇంటివి. చోమోల పొలానికి మిగిలితే ఇచ్చే ఆనవాయితీయే గానీ హక్కు లేదు. ఇది మేము కళ్లారా ఎరిగిన సత్యం.’ సత్యం అన్న పదం దగ్గర చాలాసేపు ఆగిపోయింది, దాన్ని చెక్కడానికి మోరుప్‌కి ఎన్ని దెబ్బలు పట్టేవో. పూజగదిలోకి వెళ్లింది. ఏడు గిన్నెలు, రోజూ తెల్లవారి తను నింపేవే, గిన్నెకీ గిన్నెకీ మధ్య బార్లీ గింజంత సందు. నీళ్లే ఎందుకు పెడతారంటే, ఇవ్వడానికి ఎవరి ప్రాణమూ ఒప్పుకోకుండా ఉండదు కాబట్టి, ఎవరిదీ లాక్కుని తేనక్కర్లేదు కాబట్టి. ఆ ఏడు గిన్నెల్లోనూ ఆ రోజు ఉన్నవి చోమోల నీళ్లు. దొంగిలించి తెచ్చి దేవుడి ముందర పెట్టి, ఎదురుగా కూర్చుని, రా, వచ్చి కూర్చో అంటే ఎందుకు వస్తాడు? రాకపోవడమే మర్యాద.

స్తోబ్దన్‌ని అడిగింది. అడగకుండా ఏం లేదు. ‘చోమోలకి ఎందుకు ఆమాలే అన్ని నీళ్లు? ఐదుగురు ముసలమ్మలు, పిడికెడు పిండి తినేవాళ్లు. ఉన్నదాంతో తృప్తిపడాలని వాళ్లే కదా ఊరందరికీ చెప్పేది. పడమను.’ నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, దగ్గరికి జరిగి, చిన్నప్పుడు ఒళ్లోకి వచ్చి కూర్చున్నట్టే కూర్చుని, ‘హోటల్లో తూర్పు గది నీకే. గాజు కిటికీలు, పొద్దంతా ఎండ. గదిలోనే కుళాయి, తిప్పితే వేడినీళ్లు. నీ మోకాళ్లు చూడు ఎట్లా వాచాయో. చలికాలం నిన్ను బోధ్‌గయ తీసుకెళ్తా, విమానంలో. నువ్వు అడగలేదు, పెద్దనాన్న తీసుకెళ్లలేదు, నేను తీసుకెళ్తా.’ బోధ్‌గయ. వజ్రాసనం. ఆ చెట్టు కింద ఒక్కసారి సాష్టాంగపడి లేస్తే చాలు, ఇంక ఏమీ వద్దు అని ముప్ఫై ఏళ్లుగా అనుకుంటున్న చోటు. వాడికి ఎట్లా తెలిసింది? నిద్రలో పలవరించానేమో. గుండె ఒక్క క్షణం అటు మొగ్గింది, అబద్ధమెందుకు, ఒక్క క్షణం కాదు, మూడు రోజులు. మూడు రోజులూ ఎండ నిండిన గదిలో తిరిగింది, వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుంది, వజ్రాసనం ముందర మోకరిల్లింది, వంగి నేల మీద చేయి ఆనిస్తే బొటనవేలి ముద్ర నల్లగా పడింది, ఎక్కడ ఆనిస్తే అక్కడ.

నాలుగో రోజు పొద్దున ఏటి దగ్గర చోమో జిల్జోమ్ కనిపించింది. డెబ్బై మూడేళ్ల మనిషి, వీపుకి ప్లాస్టిక్ డబ్బా కట్టుకుని, ఏటిలో నీళ్లు నింపుకుని, ఎదురుకొండ ఎక్కుతోంది, చేతిలో జపమాల తిరుగుతోంది. మొలకలకి పోస్తోందట. డబ్బాకి నాలుగు సాళ్లు తడుస్తాయట. ‘ఇదేమిటి చోమోలే’ అంటే, ‘నడుస్తూ జపం చేసుకుంటే కునుకు రాదు, బాగుంది’ అంది, నవ్వింది, పళ్లు లేని నోరంతా. ఆవిడకి తెలుసు. కోతలనాటి నుంచీ తెలుసు. కాగితం సంగతి ఊరంతా తెలిసినదాయె. తెలిసి, చలికాలమంతా తనకి టీ పోసి, పలక మీద తప్పులు దిద్ది, వెన్ను వంగితే వేలితో తట్టి నిలబెట్టింది, ఒక్క మాట అనలేదు. కుంజెస్‌కి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ముందు ఆవిడ మీదే వచ్చింది. నీకు తృప్తి ఉంది సరే, డబ్బా నీళ్లు చాలంటావు, డబ్బా లేకపోతే దోసెడు చాలంటావు, అది నీ సాధన, నీకు చెల్లింది. ఆ తృప్తిని అడ్డం పెట్టుకుని నేను దొంగిలించనా? నాకు ఉన్నది నాకు చాలు అనుకోవడం తృప్తి. నీకు లేకపోయినా నీకు చాలులే అని నేను అనుకోవడం తృప్తి ఎట్లా అవుతుంది? స్తోబ్దన్ అన్న మాట అదే కదా, పడమను అని. పడవలసింది వాడు. పడవలసింది నేను. ఎండ గది లేకపోతే చస్తానా? ఇన్నాళ్లూ ఉన్నానా లేదా? బోధ్‌గయ చెట్టు కింద కూర్చున్నాయన ఏ విమానం ఎక్కి వెళ్లాడు అక్కడికి?

ఆ రోజే తూర్పు గది నా కోసం ఉంచకు నోనో అని చెప్పేసింది. కాగితం మీద నా వేలు వెనక్కి తీసుకుంటాను అని కూడా చెప్పింది. వాడు నవ్వాడు. మర్నాడు లేహ్ వెళ్లి పట్వారీకి రోజు కుదుర్చుకు వచ్చాడు. ఇదిగో, ఈ రోజు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఒకసారి ఆగారు. ఇంకొకసారి ఆగాలి. దీపం కొండెక్కబోతోంది, ఒక చోమో లేచి వెన్న వేసింది. కుంజెస్ తన పెదవులు తడిమి చూసుకుంది, ఎండి పగిలి, అతికించినట్టున్నాయి. నోరు తెరవను అని తెల్లవారకముందే, ఇదే బొంత మీద మోకరిల్లి, మొక్కుకుంది. మాట మాటే. తెరవను. అయితే అబద్ధం ఆడను అని కూడా అదే మోకాళ్ల మీద మొక్కుకుంది కదా, ఇవ్వనిది తీసుకోను అని కూడా. ఆ మొక్కులన్నీ ఒకే నోటితో, ఒకే ఊపిరిలో. ఈ రోజు నా మౌనం అబద్ధమాడుతుంది. నోరు మూసుకునే అబద్ధం ఆడవచ్చని ఏ లామా చెప్పాడు? చోమోలేని అడుగుదామంటే ఆవిడా నోములోనే ఉంది, కళ్లు వాల్చి, గోడ పక్క చిన్న మూటలా. ఎవరినీ అడగడానికి లేదు. మంచిదే. సిరాపెట్టె ముందు కూడా ఎవరినీ అడగలేదు. నోము అంటే నోటికి కట్టిన గుడ్డేనా? గుడ్డ ఎవరైనా కట్టుకుంటారు. చేతికి నోము లేదు. ఉందంటారా? ఉంటే ఆ తప్పు నాది, రేపు గంజి తాగాక నూట ఎనిమిది సాష్టాంగాలు పెట్టుకుంటాను, వాచిన మోకాళ్లతోనే పెట్టుకుంటాను, నాకు నరకం ఉంటే అక్కడా బొటనవేలంత చోటు ఉంటుందిలే కూర్చోవడానికి. గోడకి ఆన్చిన సంచిలోంచి కలం తీసింది. తుండుప్ ఓరగా చూశాడు. చూడు. బాగా చూడు.

వాకిట్లో ఎండ కళ్లలో గుచ్చింది. పట్వారీ కుర్రవాడే, నుదురంతా చెమట, స్తూపం చుట్టూ ఉన్న తిన్నె మీద కాగితం పరిచి రాళ్లు పెట్టాడు. చోమోలు, ముసలివాళ్లు బయటికి వచ్చి గోడ నీడన నిలబడ్డారు. స్తోబ్దన్ కొత్త కోటు వేసుకున్నాడు. పట్వారీ చదివాడు, గడగడా, గింజలు ఒంపినట్టు. ‘ఇదీ మీరు చెప్పిన మాట. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.’ గాలి. జెండాల చప్పుడు. ‘లేదు కదా’ అన్నాడు స్తోబ్దన్. ‘రాసుకోండి సార్.’

కుంజెస్ ముందుకు నడిచింది. కాగితం మీది నుంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది, కలం మూత తీసింది.

‘ఆమాలే, ఏమిటిది? నోము చెడుతుంది, పాపం. ఎండలో ఎందుకు వచ్చావు? ఉపవాసంతో తల తిరుగుతోంది సార్, పెద్దావిడ. పద పద, లోపల కూర్చో.’ భుజం మీద చేయి వేశాడు. ఆమె ఆ చేతిని చూసింది. అంతే, చూసింది. తీసేశాడు.

‘అబీలేకి రాయడం వచ్చా?’ అన్నాడు పట్వారీ.

‘వస్తే వచ్చింది సార్, ఒక్క వాక్యానికి చీకటి పడుతుంది’ అన్నాడు స్తోబ్దన్.

పడనీ. చీకటి పడనీ, దీపాలు పెట్టనీ, జీపులో నూనె అయిపోనీ. కుంజెస్ మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి అక్షరం. దాని కింద అక్షరం. పెదవులు కదులుతున్నాయని తెలుసు, చప్పుడు రావడం లేదు, కదలనీ. ఎవరో దగ్గారు. ఎవరో నవ్వారేమో కూడా. ‘ఈ వేలు నాది.’ చెమట కంట్లోకి దిగింది, తుడుచుకోలేదు. ‘మాట నాది కాదు.’ ఒత్తు తప్పు పడింది, కొట్టేసి మళ్లీ రాసింది, పక్కనే, సిగ్గుపడకుండా. కొండల మీద నీడ జరుగుతోంది, జరగనీ, ‘మూడో వంతు చోమోలది. మా ఇంటి పెద్దావిడ ధారపోసి ఇచ్చింది. చదవగలిగి ఉండి చదవకుండా వేలు వేశాను. తప్పు నాది.’ దాహం ఎటు పోయిందో తెలియదు. మోకాళ్లు ఎటు పోయాయో. స్తోబ్దన్ ఏదో అంటున్నాడు, ఏటి చప్పుడు ఎంతో ఆ మాటా అంతే. కలాన్ని నొక్కి పట్టిన బొటనవేలు తెల్లబడి కనిపిస్తోంది, దానికి అవతల, కాగితం చివర, చేతికి అందేంత దూరంలో, ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో. అంతవాడు. మెరుస్తూ, బరువుగా. ఆమె తల ఎత్తలేదు. పిలవలేదు. తర్వాతి అక్షరం రాసింది.

కలం ఆపేసరికి నీడ కొండమేక రాయిని తాకింది. పట్వారీ కాగితం తిప్పుకుని చదివాడు, ఈసారి అంత గడగడా చదవలేకపోయాడు. పక్కన ఏదో నీడ పడితే అందరూ చూశారు, తుండుప్ మేమే, ఊరి నీటి వంతులు పంచే పని పదిసార్లు చేసినవాడు, గురకలవాడు, చేయి చాచి నిలబడి ఉన్నాడు, బొటనవేలు పైకెత్తి, సిరాపెట్టె ఏదీ అన్నట్టు పట్వారీ సంచీకేసి చూపిస్తూ. పట్వారీ పెట్టె తీసి ఇచ్చాడు. కుంజెస్ రాత కింద నల్లటి ముద్ర ఒకటి పడింది. మిగతా ఐదుగురూ కదల్లేదు. రెండు చాలు.

‘దీన్ని మళ్లీ విచారించాలి, దీని మీద ఈ రోజు నేను సంతకం పెట్టలేను’ అన్నాడు పట్వారీ స్తోబ్దన్‌తో. ఆమె వైపు తిరిగి, గొంతు తగ్గించి, ‘అబీలే, కింద పేరు, వయసు, ఉండే ఇల్లు రాయాలి. లేకపోతే చెల్లదు’ అన్నాడు.

‘ఇల్లా?’ అన్నాడు స్తోబ్దన్. ‘రాయమనండి సార్. ఏ ఇల్లు రాస్తుందో నేనూ చూస్తా.’

పేరు రాసింది. వయసు రాసింది. ఇల్లు అన్నచోట కలం ఆగింది. నలభై ఆరేళ్లుగా పై ఇల్లే. తలుపు మీద మోరుప్ చెక్కిన రాయి ఉన్న ఇల్లు. గాలికి కాగితం అంచు కొట్టుకుంటోంది. అప్పుడు గొంబా కింది నుంచి, పిడకల కొట్టు ఉన్న వైపు నుంచి, చీపురు చప్పుడు వినిపించింది. చర్ర్, చర్ర్. గోడ నీడన నిలబడ్డవాళ్లలో చోమో జిల్జోమ్ లేదు. కొట్టు పక్క గది తలుపు తీసి ఉంది, లోపలి నుంచి ధూళి ఎండలోకి మేఘంలా లేస్తోంది, ఆ ధూళిలోంచి ఒక విరిగిన బుట్ట బయటికి వచ్చి పడింది, తర్వాత ఇంకొకటి. చీపురు చప్పుడు ఆగలేదు.

కుంజెస్ కాగితం మీదికి వంగింది.

కుంజెస్. రాసేనాటికి అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది స్కర్లుంగ్‌లో, చోమోల గొంబా కింద, పిడకల కొట్టు పక్క గదిలో.